వరద గీతకు జానెడు పైన పునాది చాలా?

వంశధార_గట్టు: హిరమండలం దిగువన, ఏటి ఒడ్డున ఇల్లు మొదలుపెడుతున్నాను. ఏటా వరద ఎంత ఎత్తుకు వచ్చిందో గుడి గోడ మీద మా నాన్న మేకుతో గీసేవారు, ఆయన తర్వాత నేను. మొత్తం 40 గీతలు. అన్నిటికన్నా పై గీతకు జానెడు పైన పునాది పోస్తే చాలంటున్నాడు మేస్త్రి. చాలా?

పెరటి_మామిడి: చాలు. 40 ఏళ్లలో దాటనిది ఇప్పుడు దాటుతుందా?

లెక్కల_మాస్టారు: ఎందుకు దాటదు? ఏళ్లన్నీ ఒకే తీరువని, ఒకదాని వరదకు ఇంకోదానితో సంబంధం లేదని అనుకుందాం. 80 ఏళ్లలో అతి పెద్ద వరద మొదటి 40లో ఎంత పడొచ్చో తర్వాతి 40లోనూ అంతే. అంటే మీ పిల్లల కాలానికి ఆ గీత మునిగే అవకాశం సగానికి సగం. వచ్చే ఏడాదే మునగడానికి 41లో ఒక వంతు. అంతకుముందు వాటన్నిటినీ దాటినదాన్ని రికార్డు అంటారు. ఈ రికార్డు విలువల లెక్కను 1952లో చాండ్లర్ అనే గణాంక శాస్త్రవేత్త మొదలుపెట్టారు. 40 ఏళ్లకు సగటున ఎన్ని రికార్డులో తెలుసా? 1+1/2+1/3 అంటూ 1/40 దాకా కూడితే 4.28. గోడ చూడండి.

వంశధార_గట్టు: చూశాను సార్. మొదటి ఏడాదితో కలిపి సరిగ్గా నాలుగు!

పెరటి_మామిడి: మొదటిది ఎందుకు కలిపారు? అది దేన్ని దాటిందని? ఒక్కడే పరిగెత్తితే ఫస్టా?

లెక్కల_మాస్టారు: అలా లెక్కపెట్టడం అలవాటు బాబూ. తీసేస్తే 3.28, గోడ మీద మూడు. ఏం మారింది?

పెరటి_మామిడి: ముందు నాలుగన్నారు, ఇప్పుడు మూడంటున్నారు. అదీ మారింది.

బెంచీ_చివర: ఫస్టే. మా కాలేజీలో ఒక్కడే ఉన్న బ్రాంచిలో వాడికే మెడల్.

జీడితోట: 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపానుకు నా తోట మొత్తం పడుకుంది. పరిహారం జాబితాలో నా పేరు లేదు. ఇంకేం లెక్కలండీ!

లెక్కల_మాస్టారు: అయ్యో. కానీ ఇక్కడ అడిగింది నీళ్ల సంగతి. ఎత్తులు ఏ తీరున ఉన్నా పై లెక్క మారదు, దాని గొప్ప అదే. లోపమూ అదే. గీత ఎప్పుడు మునగొచ్చో చెబుతుంది, ఎంత లోతున మునుగుతుందో చెప్పదు. అందుకు రికార్డులు నాలుగే సరిపోవు, 40 గీతలనూ వరసలో పెట్టి పెద్ద వరదల ఎత్తు అంచనాకు వాడే గంబెల్ లాంటి గణిత నమూనాకు అమర్చాలి. పై గీతకూ రెండోదానికీ ఎడం ఎంత?

వంశధార_గట్టు: మూరెడు.

లెక్కల_మాస్టారు: ఒక్క ఏడాదే మూరెడు దాటేసిన ఏటికి జానెడు ఏ మూలకు? స్థలం రెండడుగులైనా లేపండి.

పెరటి_మామిడి: రెండడుగులా! మట్టి మీరు తోలిస్తారా?

వంశధార_గట్టు: నా మట్టి ఖర్చు మీకెందుకండీ?

పెరటి_మామిడి: నీ తూర్పు గోడ పక్క పెరడు ఎవరిదిరా? నువ్వు లేపితే నీళ్లు ఎటు పోతాయి? మొన్నటి వరదకే మా గాదెలో ధాన్యం మొలకెత్తింది. ఆ చాండ్లర్ మా గాదె చూశాడా?

వంశధార_గట్టు: అన్నయ్యా... నువ్వా?

లెక్కల_మాస్టారు: మట్టి పోయకుండా స్తంభాల మీద లేపండి. నీళ్లు కిందనుంచి పోతాయి.

పెరటి_మామిడి: రెండేళ్లకు కింద గోడ కట్టి కొట్టు పెడతాడు. వీడి సంగతి నాకు తెలుసు.

వంశధార_గట్టు: కట్టను. కాగితం రాసిస్తాను.

పెరటి_మామిడి: రాద్దువుగానీ. మాస్టారూ, ఆ మొదటి గీత రికార్డా కాదా, ముందు అది తేల్చండి.