లెగో స్టార్ వార్స్ ఆట: పిఎస్4లో ఇద్దరు పిల్లలు కలిసి ఆడడంపై సందేహాలు

గాజువాక నాన్న (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో పదేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి ఉన్నారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆడుకునే ఆట కావాలని వెతికి, 2015 డిసెంబరులో వచ్చిన ‘స్టార్ వార్స్: ది ఫోర్స్ అవేకెన్స్’ సినిమా ఆధారంగా 2016 జూన్‌లో విడుదలైన లెగో ఆటను (లెగో ఇటుకల బొమ్మలతో సాగే వీడియో గేమ్) ఎంచుకున్నాను. మొదట మన ఊళ్లోనే ఒక దుకాణంలో వాడిన డిస్కు కొన్నాను. ఇంటికి తెచ్చి పెడితే మా పిఎస్4 (ప్లేస్టేషన్ 4) దాన్ని ఒప్పుకోలేదు. అది అంతకుముందు తరం పిఎస్3 డిస్కు అని నాకు అర్థమయ్యేసరికి పిల్లలిద్దరూ నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నారు. సంక్రాంతికి వచ్చిన మా బావమరిది అమెరికా నుంచి సరైన డిస్కు తెచ్చి ఇవ్వడంతో ఆ గండం గడిచింది.

ఇప్పుడు వేరే చిక్కులు వచ్చాయి. రెండో కంట్రోలర్‌లో దీపం వెలుగుతోంది కానీ తెర మీద రెండో ఆటగాడు రావడం లేదు. సరే, ఒక్కరే ఆడండని చెబితే, ఒకచోట ఎగిరెగిరి పడుతున్న ఇటుకల కుప్పతో అమ్మాయి ఏదో కట్టింది, కానీ దారి తెరుచుకోలేదు. ఆటలోనే లోపం ఉందని వాళ్ల తీర్మానం. దానికి తోడు పిల్లల ముచ్చట చూసి నేను ఇక్కడి ప్లేస్టేషన్ స్టోర్‌లో సీజన్ పాస్ (ఆటకు అదనపు భాగాలను ఇచ్చే పాస్) కొంటే, ఆటలో అది ఎక్కడా కనబడడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ద్వారకానగర్ పాతకాపు

నమస్కారమండీ. ముందు డిస్కు సంగతి ఒక్క మాటలో చెబుతాను, మున్ముందు చదివేవారికి పనికొస్తుంది. ఈ ఆట పిఎస్3కీ పిఎస్4కీ, ఎక్స్‌బాక్స్ 360కీ ఎక్స్‌బాక్స్ వన్‌కీ విడివిడిగా వచ్చింది. పిఎస్4 డిస్కు పెట్టె నీలం రంగులో ఉంటుంది, పిఎస్3 పెట్టె రంగు లేకుండా పారదర్శకంగా ఉంటుంది. పిఎస్4 డిస్కు, డిస్కు పెట్టే అర ఉన్న పిఎస్5లో కూడా ఆడుతుంది, కానీ పిఎస్3 డిస్కు పిఎస్4లో ఎట్టి పరిస్థితిలోనూ ఆడదు. వాడిన డిస్కు కొనేటప్పుడు పెట్టెలను తారుమారు చేసి పెట్టడం అరుదేమీ కాదు కనుక, పెట్టె తెరిచి డిస్కు మీద అచ్చయిన పేరు చదివిన తరువాతే డబ్బు ఇవ్వండి.

రెండో కంట్రోలర్ విషయంలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కంట్రోలర్ పిఎస్4కు పరిచయం కావడం వేరు, ఆటలోకి రావడం వేరు. మొదట దాన్ని యుఎస్‌బి తీగతో పిఎస్4కు కలిపి మధ్యలో ఉన్న పిఎస్ బటన్ నొక్కాలి. అప్పుడు ఈ కంట్రోలర్ ఎవరిది అని తెర మీద అడుగుతుంది. మొదటి కంట్రోలర్ మీద మీ పేరు ఇప్పటికే ఉంటుంది కాబట్టి, రెండోదానికి కొత్త వాడుకరిని చేర్చాలి, లేదంటే అతిథిగా లోపలికి రావాలి. ఆ పని అయ్యాక, ఏదైనా ఒక లెవెల్ నడుస్తుండగా రెండో కంట్రోలర్‌లోని ఆప్షన్స్ బటన్ నొక్కితే, అప్పటిదాకా కంప్యూటర్ తిప్పుతున్న తోటి పాత్ర మీ అబ్బాయి చేతికి వస్తుంది. అన్నానికి లేవాలంటే అలాగే మధ్యలో తప్పుకోవచ్చు, అమ్మాయి ఆట ఆగదు.

ఇంకొకటి. ఈ ఆటలో ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే తెర ముందు కూర్చుని ఆడాలి. నెట్ ద్వారా వేరే ఊళ్లో ఉన్న మేనబావతో ఆడించే సదుపాయం ఇందులో లేదు. పిల్లలు అడగకముందే చెప్పి ఉంచండి.

ఇసుకతోట అక్క

గాజువాక తమ్ముడుగారూ, మీ అమ్మాయి తప్పు చేయలేదు, ఆటలోనూ లోపం లేదు. అదే కుప్పతో మా ఇంట్లో రెండు రోజులు గొడవైంది కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

పాత లెగో ఆటల్లో ఎగిరే ఇటుకలు కనబడితే సర్కిల్ బటన్ నొక్కి పట్టుకుంటే చాలు, ఏది కావాలో అది దానంతట అదే తయారయ్యేది. ఈ ఆటలో దానికి కొత్త మెలిక పెట్టారు, దాన్ని మల్టీ బిల్డ్ అంటారు. ఒకే కుప్పతో రెండు, ఒక్కోచోట మూడు వేర్వేరు వస్తువులు కట్టవచ్చు. కుప్ప దగ్గర నిలబడితే, ఏ వైపు ఏ వస్తువు వస్తుందో దాని ఆకారం లీలగా కనబడుతుంది. సర్కిల్ నొక్కి పట్టుకుని ఎడమ స్టిక్కును ఆ వైపుకు నెట్టాలి. ఇంతవరకు పిల్లలు తామే కనిపెడతారు. కనిపెట్టలేనిది తరువాతి అడుగు: కట్టినది పని పూర్తిచేశాక దాన్ని స్క్వేర్ బటన్‌తో కొట్టి పగలగొట్టాలి. పగలగొడితే ఇటుకలు మళ్లీ కుప్పగా పడతాయి, అప్పుడు రెండో వైపు కట్టాలి. చక్కగా కట్టినదాన్ని తన చేతులతోనే కూలగొట్టాలన్న ఆలోచన పద్ధతిగా పెరిగిన పిల్లలకు రాదు! మా చిన్నవాడు మాత్రం మొదటి నుంచీ అన్నీ కూలగొడుతూనే ఉన్నాడు కాబట్టి వాడే ఆ చిక్కు విడదీశాడు.

కట్టే వరుస కూడా ముఖ్యం. ఒక్కోసారి మొదట కట్టిన వస్తువు వల్ల ఏదో ఒక మెట్టో పట్టీయో ఏర్పడి, దాని మీదికి ఎక్కిన తరువాతే రెండోదానికి ప్రయోజనం ఉంటుంది. వరుస తప్పినంత మాత్రాన ఏమీ పాడవదు. ఎన్నిసార్లయినా పగలగొట్టి మళ్లీ కట్టవచ్చు. కాబట్టి దారి తెరుచుకోకపోతే, ముందు అన్ని వైపులా ఒక్కొక్కసారి కట్టి చూడమని చెప్పండి, ఆ తరువాతే లెవెల్‌ను మళ్లీ మొదలుపెట్టాలా అని ఆలోచించండి.

గాజువాక నాన్న

అక్కగారికీ పాతకాపు గారికీ ధన్యవాదాలు. అతిథిగా చేర్చగానే అబ్బాయి ఆటలోకి వచ్చాడు. కుప్ప చిక్కు కూడా తీరింది, పగలగొట్టమని చెప్పగానే వాళ్ల సంతోషం చూడాలి. అయితే ఇంకొక అనుమానం. కొన్ని మెరిసే వెండి ఇటుకలు ఎంత కొట్టినా పగలడం లేదు, కొన్ని పలకల దగ్గరికి వెళితే బొమ్మ పని చేయడం లేదు. అన్నీ తీసుకుంటేనే గానీ ముందుకు కదలనని అమ్మాయి పట్టుబట్టి, ఒకే లెవెల్‌లో గంటన్నర తిరిగింది.

ఇసుకతోట అక్క

అమ్మాయిని అక్కడి నుంచి ముందుకు పంపించండి. మొదటిసారి కథ ఆడేటప్పుడు, ఆ లెవెల్‌కు ఇచ్చిన పాత్రలతో అన్నీ దొరకకుండానే ఆటను అల్లారు. వెండి ఇటుకలకు పేలుడు సామాగ్రి ఉన్న పాత్ర కావాలి, చెవ్‌బాకా లాంటివాడు. కొన్ని పలకలు బిబి-8 లాంటి చిన్న మరబొమ్మలకే పలుకుతాయి, కొన్ని సి-3పిఓ లాంటి మాట్లాడే మరబొమ్మలకే పలుకుతాయి. కొన్ని వస్తువులు ఫోర్స్ శక్తి (తాకకుండానే వస్తువులను కదిపే శక్తి) ఉన్నవారి చేతికే కదులుతాయి, వాటిలోనూ కొన్నింటికి కైలో రెన్ తరహా చీకటి పక్షం మనిషే కావాలి. ఆ పాత్రలు కథ ముందుకు సాగేకొద్దీ చేతికి వస్తారు.

లెవెల్ ఒకసారి పూర్తయ్యాక దాన్నే ఫ్రీ ప్లే పద్ధతిలో మళ్లీ ఆడవచ్చు. అప్పుడు ట్రయాంగిల్ నొక్కి పట్టుకుంటే అప్పటివరకు సంపాదించిన పాత్రలన్నీ వరుసగా కనబడతాయి, కావలసినవారిని ఎంచుకోవడమే. ఒక్కో లెవెల్‌లో పది మినీకిట్లు, అంటే వెతికి ఏరుకోవలసిన చిన్న వస్తువులు, దాచి ఉంటాయి. వాటి వేట అప్పుడు మొదలుపెడితే బాగుంటుంది. ఎండార్ యుద్ధంతో ఉన్న తొలి భాగం, ఆ తరువాత పది అధ్యాయాలు, చివర లూక్ ద్వీపంలో ముగింపు, ఇది కథ వరుస. ముందు ఇది పూర్తిచేయనివ్వండి. మా ఇంట్లో నోటు పుస్తకం ఒకటి పెట్టి, ఏ లెవెల్‌లో ఏ ఇటుక మిగిలిపోయిందో రాసుకోమన్నాను. అమ్మాయికి తృప్తిగానూ ఉంటుంది, చేతిరాతా బాగుపడుతుంది.

మధురవాడ ఇంజనీరు

సీజన్ పాస్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను. పిఎస్4 ఆట డిస్కులు ఏ దేశంలో కొన్నా ఏ పిఎస్4లోనైనా ఆడతాయి, కానీ అదనంగా కొనే భాగాలు మాత్రం డిస్కు ఏ ప్రాంతానికి చెందినదో ఆ ప్రాంతపు స్టోర్ నుంచే రావాలి. మీ డిస్కు అమెరికాది, పాస్ ఇక్కడి స్టోర్‌ది. అవి రెండూ ఒకదానినొకటి గుర్తించవు. అట్ట మీద అమెరికా పద్ధతి వయసు ముద్ర, అంటే ఇ10+ అని ఉంటే అది అమెరికా డిస్కు. చదరంలో 7 అంకె ఉంటే ఐరోపా పద్ధతి ముద్ర. ప్లేస్టేషన్ ఖాతాకు ఒకసారి పెట్టిన దేశాన్ని తరువాత మార్చడం కుదరదు, కాబట్టి ఇప్పుడున్న ఖాతా మీద ప్రయోగాలు చేయకండి.

డబ్బు వెనక్కి వచ్చే అవకాశం ఉంది. కొన్న 14 రోజులలోపు, డౌన్‌లోడ్ మొదలుపెట్టకుండా ఉంటే ప్లేస్టేషన్ వారిని తిరిగి చెల్లించమని అడగవచ్చు. ఈ రాత్రే అడగండి. ఇక పాస్ లేకపోతే పిల్లలకు లోటు ఉంటుందా అంటే, నా ఉద్దేశంలో ఉండదు. సి-3పిఓకు ఎర్ర చేయి ఎలా వచ్చిందో చెప్పే భాగం లాంటివి కొన్ని అందులో ఉన్నాయి, సరదాగానే ఉంటాయి, కానీ సినిమా కథంతా డిస్కులోనే ఉంది. పైగా ఆటలో సంపాదించిన బంగారు ఇటుకలతో తెరుచుకునే అదనపు సాహసాలు కూడా డిస్కులోనే వస్తాయి. రాథ్‌టార్లనే భీకర జంతువుల వేట వాటిలో ఒకటి.

సీతమ్మధార తాతగారు

నేను ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి, మనవడి కోసం ఈ ఆట నేర్చుకున్నాను, కాబట్టి నా అనుభవం కూడా ఒక మాట. ఇందులో హింస గురించి తల్లిదండ్రులు భయపడనక్కరలేదు. రక్తం ఉండదు, దెబ్బ తగిలితే బొమ్మ ముక్కలుగా విడిపోయి, మరుక్షణం మళ్లీ నిలబడుతుంది. పోయేది కేవలం పోగుచేసిన స్టడ్లలో (నాణేల్లా ఏరుకునే గుండ్రటి బిళ్లల్లో) కొన్ని, వాటిలోనూ కిందపడినవాటిని త్వరగా ఏరుకోవచ్చు. ‘ఆట ముగిసింది’ అని తరిమేయడం ఉండదు కనుకనే మా ఇంటి ఏడేళ్ల పిల్లవాడు ఏడవకుండా ఆడుతున్నాడు. బ్లాస్టర్ బాటిల్ అనే ఘట్టాల్లో మాత్రం అడ్డు చాటున దాక్కుని, లేచి కాల్చి, మళ్లీ దాక్కోవాలి. అక్కడ చిన్నవాళ్ల చేయి తడబడుతుంది, ఆ కాసేపు పెద్దలు కంట్రోలర్ అందుకుంటే సరిపోతుంది. హాన్ సోలో ఓడలోని ఇరుకు నడవాలు చూసి మావాడు ‘ఇది మన బీచ్ రోడ్డు కుర్సురా సబ్‌మెరీనే తాతయ్యా’ అన్నాడు, ఆ పోలిక నాకు నచ్చింది.

నాకు ఉన్న ఇబ్బంది ఒక్కటే. 2005లో వచ్చిన మొదటి లెగో స్టార్ వార్స్ ఆటలో పాత్రలకు మాటలే లేవు, మూకాభినయంతోనే కథంతా నడిచేది. ఏ భాష వారికైనా అర్థమయ్యేది. ఈ ఆటలో సినిమా నటులే గొంతు ఇచ్చి మాట్లాడతారు, తెలుగు లేదు. ఆ ఆంగ్ల సంభాషణల వేగం నాకు అందదు, మనవడే నాకు అర్థం చెబుతున్నాడు. సినిమా ముందుగా చూపించి ఆటకు కూర్చోబెడితే పిల్లలకు ఆ కష్టం తగ్గుతుంది.

గాజువాక నాన్న

తాతగారికి నమస్కారాలు. పాస్ సొమ్ము కోసం అడిగాను, డౌన్‌లోడ్ మొదలుపెట్టలేదు కాబట్టి వస్తుందనే ఆశ ఉంది. రెండు చివరి సందేహాలు. మాకు సాయంత్రం పూట కరెంటు పోయి వస్తుంటుంది, దానివల్ల ఆట చెరిగిపోతుందా? రెండవది, తొమ్మిది సినిమాలూ ఒకే ఆటలో వచ్చాయట, అది కొనడం మేలా?

ద్వారకానగర్ పాతకాపు

ఆట దానంతట అదే భద్రపరుచుకుంటుంది. తెర మూలన ఆ గుర్తు తిరుగుతున్నప్పుడు మాత్రం కరెంటు పోతే ప్రమాదం. లెవెల్ పూర్తిచేసి బయటికి వచ్చాక ఆపే అలవాటు చేయండి. హఠాత్తుగా ఆగిన తరువాత తిరిగి వేస్తే పిఎస్4 తన నిల్వను పరీక్షించుకుంటుంది, ఆ పరీక్ష మధ్యలో మాత్రం కంగారుపడి మళ్లీ ఆపవద్దు. టీవీకీ పిఎస్4కూ కలిపి చిన్న యుపిఎస్ ఒకటి పెట్టుకుంటే, ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణం గండం తప్పుతుంది.

మీరు అడిగిన రెండో ఆట 2022 ఏప్రిల్‌లో వచ్చిన ‘ది స్కైవాకర్ సాగా’. తొమ్మిది సినిమాలు, ఒక్కోదానికి ఐదు లెవెల్స్ చొప్పున 45, వాటి చుట్టూ తిరగడానికి విశాలమైన గ్రహాలు. బాగుంటుంది, కానీ అందులో ఇద్దరు ఆడితే తెర ఎప్పుడూ రెండుగా చీలే ఉంటుంది. మీ దగ్గర ఉన్నదానిలో ఇద్దరు దూరమైనప్పుడే గీత పడుతుంది, దగ్గరకు రాగానే చెరిగిపోతుంది. చిన్న టీవీ ముందు ఏడేళ్ల పిల్లవాడికి ఇదే హాయి. ఇది పూర్తయ్యాక దసరా సెలవులకు అది చూసుకోండి.

గాజువాక నాన్న

అలాగే చేస్తాను. ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న పేచీ ఏమిటంటే, స్టడ్లు అక్కే ఏరేస్తోందని తమ్ముడు ఆమె బొమ్మను కొట్టి ముక్కలు చేస్తున్నాడు.

ఇసుకతోట అక్క

ఇద్దరి లెక్కలూ తెర మీద వేరువేరుగా కనబడినా, లెవెల్ చివర కలిపే కూడుతుంది. ఆ మొత్తం చూపించి చెప్పండి. ఇంకా వినకపోతే ఊదా రంగు స్టడ్లు తమ్ముడివి, మిగిలినవి అక్కవి అని పంచండి. వెండిది పది, బంగారుది వంద, నీలంది వెయ్యి, ఊదాది పదివేలు. ఆ లెక్క మీ అబ్బాయికి తెలియగానే బేరం వెంటనే కుదురుతుంది. మీ అమ్మాయికి తెలిసిన రోజున మళ్లీ ఇక్కడికి వచ్చి అడగండి.