సబ్‌స్క్రిప్షన్ ఉన్నా రీసెర్చ్ పేపర్ తెరుచుకోవట్లేదు, అర్జెంట్

నీలిసిరా: పొద్దున్నుంచీ దీంతోనే కుస్తీ. కావాల్సిన పేపర్ కనిపిస్తోంది, సారాంశం వస్తోంది, పీడీఎఫ్ నొక్కితే డబ్బు కట్టమంటోంది. మా లైబ్రరీకి ఈ జర్నల్ వస్తుందని గైడ్ గారే చెప్పారు. రేపు సాహిత్య సమీక్ష ఇవ్వాలి. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

అడుగుజాడ: ఏ డేటాబేస్? ఎక్కడి నుంచి?

పాతపుస్తకం: ముందు వెతకడం నేర్చుకోవాలండీ. వాక్యం మొత్తం గూగుల్ స్కాలర్‌లో కొట్టేసి మొదటి పేజీతో సరిపెట్టుకుంటున్నారు. పదబంధాన్ని కొటేషన్లలో పెట్టండి, పర్యాయపదాల మధ్య ఓఆర్ (OR, అంటే 'లేదా') వెయ్యండి. వైద్య పేపర్ల డేటాబేస్ పబ్‌మెడ్‌లో మెష్ శీర్షికలున్నాయి, అంటే ఒక్కో విషయానికి ఒకే ప్రామాణిక పేరు. రచయిత హార్ట్ ఎటాక్ అని రాసినా, మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ అని రాసినా ఒకే శీర్షిక కిందికి చేరుస్తారు. ఇది తెలియక మంచి పేపర్లు వదిలేసుకుంటుంటే బాధేస్తుంది.

నీలిసిరా: పేపర్ దొరికిందండీ, తెరవడమే కుదరట్లేదు. స్కోపస్‌లో చూశా. ఇంట్లోనే ఉన్నా.

అడుగుజాడ: ఈ రెండు ముక్కలూ ముందే చెప్పాలి కదా. స్కోపస్‌లో పూర్తి పేపర్లుండవు, సారాంశాలూ సైటేషన్ల వివరాలే. పీడీఎఫ్ ప్రచురణకర్త సైట్‌లో ఉంటుంది. క్యాంపస్ నెట్ అయితే ఐపీ (నెట్ చిరునామా) చూసి లోపలికి పంపిస్తుంది, ఇంటి నెట్‌కి పంపదు. లైబ్రరీ వెబ్‌సైట్‌లో రిమోట్ యాక్సెస్ లాగిన్ ఉందేమో చూసి, అందులోంచి వెళ్ళండి.

మూడోవరుస: ఈలోగా స్కాలర్‌లో పేపర్ పేరు కొట్టి కింద 'ఆల్ వెర్షన్స్' నొక్కండి. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ కూడా పెట్టుకోండి, ఉచిత ప్రతి ఉంటే చూపిస్తుంది. రచయితే తన సంస్థ రిపాజిటరీలో (ఆన్‌లైన్ భాండాగారంలో) ఉచితంగా పెట్టి ఉండొచ్చు.

పాతపుస్తకం: అవన్నీ ప్రీప్రింట్లు. తోటి నిపుణుల సమీక్ష (పీర్ రివ్యూ) జరగనిదాన్ని థీసిస్‌లో ఎలా చూపిస్తారు?

మూడోవరుస: అన్నీ కావండీ. యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్ అంటే సమీక్ష అయి, సవరణలు కూడా చేరిన ప్రతి. ఇంకా జర్నల్ పేజీల్లోకి ఎక్కలేదు, అంతే.

పాతపుస్తకం: మరి అందులోంచి ఒక వాక్యం యథాతథంగా తీసుకుంటే ఏ పేజీ నంబర్ వేస్తారు? అచ్చు ప్రతి చూడక తప్పదు.

మూడోవరుస: అది నిజమే. కానీ రెంటినీ ఒకే గాటన కట్టకండి. చాలా రిపాజిటరీల్లో ఏ ప్రతో మొదటి పేజీలోనే రాస్తారు.

అడుగుజాడ: అడిగింది ఇది కాదు.

నీలిసిరా: రిమోట్ లాగిన్‌తో వచ్చేసింది, థాంక్స్ అండీ. అదే జర్నల్ 1998 సంచిక మాత్రం ఇంకా డబ్బే అడుగుతోంది. సబ్‌స్క్రిప్షన్ ఉన్నా ఎందుకలా?

అడుగుజాడ: పాత సంచికలు చాలాసార్లు విడిగా కొనాలి. పాత జర్నళ్ళు దాచే జేస్టోర్‌లో చూడండి. లేకపోతే ఇంటర్ లైబ్రరీ లోన్ (వేరే లైబ్రరీ నుంచి తెప్పించుకోవడం), కానీ రేపటికి రాకపోవచ్చు.