కారులో వైర్‌లెస్ ఛార్జింగ్: లైటు వెలుగుతున్నా ఫోన్‌లో శాతం ఎందుకు తగ్గుతోంది?

హన్మకొండ వాసి (ప్రశ్న):

నమస్కారం. నేను హన్మకొండలో ఉంటూ ఉద్యోగరీత్యా తరచుగా ఉప్పల్ వరకు కారులో వెళ్లి వస్తుంటాను. మా కారులో గేరు రాడ్డుకు ముందున్న గూటిలో కంపెనీయే అమర్చిన వైర్‌లెస్ ఛార్జింగ్ ప్యాడ్ ఉంది. ఫోన్‌ను దానిపై పెట్టగానే ప్యాడ్ పక్కన లైటు వెలుగుతుంది, ఫోన్ తెరపై మెరుపు గుర్తు కూడా వస్తుంది. అయితే మ్యాప్ పెట్టుకుని, ఫోన్‌ను వైరు లేకుండానే ఆండ్రాయిడ్ ఆటోకు (ఫోన్‌లోని మ్యాప్, పాటలను కారు తెరపై చూపే ఏర్పాటు) కలిపి బయలుదేరితే, ఇంటి దగ్గర అరవై శాతం ఉన్న ఛార్జ్ జనగామ దాటేసరికి పెరగకపోగా కొంత తగ్గి ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత ఆలేరు, భువనగిరి మధ్య ఎండ ముందు అద్దం నుంచి నేరుగా లోపలికి పడే సమయంలో, వేడి ఎక్కువైనందున ఛార్జింగ్ నిలిపివేశామని ఫోన్ చెబుతుంది. అప్పుడు ఫోన్ వెనుక భాగం చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటుంది.

కారు సర్వీస్ సెంటర్‌లో అడిగితే ప్యాడ్ బాగానే ఉందని, లోపం ఫోన్‌దేనని అన్నారు. ఫోన్ సర్వీస్ సెంటర్‌కు వెళితే బ్యాటరీ పరీక్షించి, ఫోన్‌లో ఏ లోపమూ లేదు, కారు చూపించుకోండి అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో, ఇంటి దగ్గరే దీన్ని తేల్చుకునే మార్గం ఏమైనా ఉందో, ఇలా రోజూ వేడెక్కితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుందో తెలిసినవారు చెప్పగలరని మనవి.

కాజీపేట మాస్టారు:

మీ రెండు సర్వీస్ సెంటర్ల వారూ నిజమే చెప్పి ఉండవచ్చు. ఫోన్‌లోనూ ప్యాడ్‌లోనూ లోపం లేకుండానే మీరు చెప్పిన పరిస్థితి వస్తుంది. నేను చాలాకాలం ఎలక్ట్రికల్ విభాగంలో పాఠాలు చెప్పినవాణ్ని కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను, విసుగు అనుకోకండి.

ముందు లెక్క చూద్దాం. ఈ ప్యాడ్‌లన్నీ దాదాపుగా ‘చీ’ (Qi) అనే వైర్‌లెస్ ఛార్జింగ్ ప్రమాణాన్ని అనుసరిస్తాయి. 2008లో ఏర్పడిన వైర్‌లెస్ పవర్ కన్సార్టియం దీన్ని రూపొందించింది. ఇందులో మూల స్థాయి 5 వాట్లు. 15 వాట్ల స్థాయి కూడా ఉంది కానీ, ఫోనూ ప్యాడూ రెండూ ఆ స్థాయిని అంగీకరిస్తేనే అది అందుతుంది. కొన్ని ఫోన్ కంపెనీలు డబ్బాపై గొప్పగా ముద్రించే 50 వాట్ల వైర్‌లెస్ ఛార్జింగ్ ఆ కంపెనీ సొంత స్టాండుపై మాత్రమే పనిచేస్తుంది. కారు ప్యాడ్‌పై పెట్టినప్పుడు అదే ఫోన్ కింది స్థాయికి దిగిపోతుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో సుమారు 19 వాట్ అవర్ల శక్తి పడుతుంది. అంటే ఫోన్‌ను ఏమాత్రం వాడకుండా ఉంచినా, 5 వాట్ల చొప్పున నిండడానికి దాదాపు నాలుగు గంటలు కావాలి. మీరు హన్మకొండ నుంచి ఉప్పల్ చేరడానికే మూడు గంటల లోపు పడుతుంది. ఆ సమయమంతా జీపీఎస్ నడుస్తోంది, మొబైల్ డేటా నడుస్తోంది, ఆండ్రాయిడ్ ఆటో కోసం వైఫై ద్వారా బొమ్మా శబ్దమూ నిరంతరం కారుకు వెళుతున్నాయి. వీటికి తోడు ఫోన్ తెర కూడా వెలుగుతూ ఉంటే, వచ్చే 5 వాట్లు ఆ ఖర్చుకే సరిపోతాయి. అడుగున చిల్లు ఉన్న బిందెను సన్నని నల్లా కింద పెట్టినట్టు, నీళ్లు పడుతున్నది నిజమే, బిందె నిండనిదీ నిజమే.

రెండవది వేడి. ప్యాడ్‌లోని తీగచుట్టలో ప్రవహించే విద్యుత్తు అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తే, ఫోన్‌లోని చుట్ట దాన్ని తిరిగి విద్యుత్తుగా మారుస్తుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. రెండు చుట్టలు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చున్నా, ప్యాడ్ తీసుకున్న శక్తిలో సుమారు పావు వంతు వేడిగా పోతుంది. కొంచెం పక్కకు జరిగినా, మధ్యలో మందపాటి పౌచ్ ఉన్నా నష్టం ఇంకా పెరుగుతుంది. ఈ వేడి, ఫోన్ ప్రాసెసర్ వేడి, అద్దంలోంచి పడే ఎండ, ఈ మూడూ ఒకే చోట చేరుతున్నాయి. లిథియం అయాన్ బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన తర్వాత ఛార్జ్ చేయడం మంచిది కాదు కనుక, ఫోన్ తనంతట తానే ఛార్జింగ్‌ను తగ్గిస్తుంది లేదా ఆపేస్తుంది. మన దగ్గర మే నెలలో నీడలోనే 43, 44 డిగ్రీలు ఉంటుంటే, ఎండలో నిలిపిన కారు లోపల 60 దాటడం వింత కాదు. అలాంటి కారులో కూర్చోగానే ఫోన్‌ను ప్యాడ్‌పై పెడితే, ఛార్జింగ్ మొదలుకాక ముందే ఫోన్ చేతులెత్తేస్తుంది.

ఇక ఇంటి దగ్గర పరీక్ష. సాయంత్రం చల్లబడిన తర్వాత కారును నీడలో నిలిపి, ఇంజిన్, ఏసీ వేసి, పౌచ్ తీసి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, తెర ఆర్పి ప్యాడ్‌పై అరగంట ఉంచండి. అప్పుడు శాతం నిలకడగా పెరిగితే ప్యాడ్‌ను అనుమానించవలసిన పని లేదు. పెరగకపోతే, వైర్‌లెస్ ఛార్జింగ్ ఉన్న మరొకరి ఫోన్‌ను అదే విధంగా పెట్టి చూడండి. బ్యాటరీ ఆయుష్షు విషయంలో మీ భయం సహేతుకమే. వేడి, నిండు ఛార్జ్ రెండూ కలిసి ఉండటం బ్యాటరీకి అన్నిటికన్నా చెరుపు. సెట్టింగులలో 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటే వేసవి వరకైనా పెట్టుకోండి.

కరీంనగర్ ట్రావెల్స్:

మాస్టారు గారు చెప్పిన లెక్క నిజమే, కానీ మా రోడ్ల సంగతి అందులో రాలేదు. మా బండ్లు కరీంనగర్ నుంచి హుజూరాబాద్, ఎల్కతుర్తి మీదుగా వరంగల్‌కు తిరుగుతుంటాయి. గుంత వచ్చినా, స్పీడ్ బ్రేకర్ వచ్చినా ప్యాడ్‌పై ఉన్న ఫోన్ ఒక అంగుళం జరుగుతుంది. జరగగానే ఛార్జింగ్ ఆగుతుంది, ఆగి మళ్లీ మొదలవుతుంది. ప్రతిసారీ ఫోన్ తెర వెలిగి శబ్దం చేస్తుంది, డ్రైవర్ చూపు రోడ్డు మీద నుంచి దాని మీదికి పోతుంది. నా దృష్టిలో అసలు ఇబ్బంది ఇదే. ఇప్పటి ఫోన్లకు వెనుక కెమెరా దిమ్మె ఎత్తుగా ఉండటంతో ఫోన్ ప్యాడ్‌పై సమతలంగా కూర్చోదు. పెద్ద ఫోన్లయితే ఆ గూటిలో పట్టనే పట్టవు. జారకుండా పలుచటి రబ్బరు షీటు వేయవచ్చు కానీ, అది మందంగా ఉంటే చుట్టల మధ్య దూరం పెరిగి మొదటికే మోసం వస్తుంది.

మా డ్రైవర్లందరికీ నేను చెప్పేది ఒక్కటే: దూర ప్రయాణమైతే కేబుల్ పెట్టండి. అయితే కేబుల్ ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోవాలి. స్టీరియోకు కలిసి ఉండే కొన్ని పాత యూఎస్‌బీ పోర్టులు అర ఆంపియర్ మాత్రమే, అంటే రెండున్నర వాట్లు ఇస్తాయి. అది వైర్‌లెస్ కన్నా అధ్వాన్నం. 12 వోల్టుల సాకెట్‌లో మంచి ఫాస్ట్ ఛార్జింగ్ అడాప్టర్ పెట్టుకుంటే మధ్యాహ్నం ఎండలో కూడా ఛార్జ్ పెరుగుతుంది. బయట కొన్న వైర్‌లెస్ హోల్డర్లు వాడేవారికీ ఇదే వర్తిస్తుంది. పోర్టు బలహీనంగా ఉంటే హోల్డర్‌ను తిట్టి లాభం లేదు. అసలు ఆ ప్యాడ్ ఉన్నందుకే కారుకు ఎక్కువ ధర పెట్టడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మంచిర్యాల పాఠకురాలు:

ట్రావెల్స్ అన్న గారితో నేను పూర్తిగా ఏకీభవించను. మీ బండ్లు రోజంతా రోడ్డుపైనే ఉంటాయి కనుక మీకు కేబులే సరి. నాలాగా ఊరి లోపల బ్యాంకుకు, బడికి, మార్కెట్‌కు తిరిగేవారికి, దిగిన ప్రతిసారీ వైరు పీకే పని లేకుండా నాలుగైదు శాతం ఎక్కించే ప్యాడ్ ఎంతో సౌకర్యంగా ఉంటుంది. దాన్ని బ్యాటరీ నింపే సాధనంగా కాక, ఉన్న ఛార్జ్ పడిపోకుండా కాపాడే సాధనంగా చూస్తే నిరాశ ఉండదు.

రెండు సంగతులు చేర్చదలిచాను. తలుపు తెరిచినప్పుడు, ఇంజిన్ ఆపినప్పుడు కాసేపు ఛార్జింగ్ ఆగిపోతే అది లోపం కాదు. బటన్ స్టార్ట్ కార్లలో తాళం లోపల ఉందో లేదో వెతికే సంకేతం తక్కువ పౌనఃపున్యంలో, సుమారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. ప్యాడ్ పనిచేసేది కూడా దానికి దగ్గరలోనే కనుక, రెండూ ఒకదానికొకటి అడ్డుపడకుండా చాలా కార్లలో ఆ కొన్ని క్షణాలు ప్యాడ్‌ను ఆపుతారు. రిమోట్ తాళాన్ని ప్యాడ్‌పై పెట్టకూడదన్నది కూడా అందుకే. రెండవది, ఫోన్ పౌచ్ వెనుక అరలో ఏటీఎం కార్డు, ఆఫీసు గుర్తింపు కార్డు పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ప్యాడ్‌పై పెట్టేముందు వాటిని తప్పక తీయాలి, లేకుంటే కార్డు పాడయ్యే అవకాశం ఉంది. 2023లో కొన్ని బీఎండబ్ల్యూ కార్లలోని ప్యాడ్‌ల వల్ల ఐఫోన్ 15లో ట్యాప్ చేసి డబ్బు చెల్లించే ఎన్‌ఎఫ్‌సీ సదుపాయం పనిచేయకుండా పోయిందని ఫిర్యాదులు వచ్చిన సంగతి కొందరికి గుర్తుండే ఉంటుంది. అంటే ఫోనూ ప్యాడూ విడివిడిగా బాగానే ఉన్నా, రెండూ కలిసినప్పుడు పొసగకపోవచ్చు. అందుకే కారు సర్వీసుకు ఇచ్చినప్పుడు ప్యాడ్‌కు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఏమైనా ఉందా అని కూడా అడిగి చూడండి.

హన్మకొండ వాసి:

అందరికీ ధన్యవాదాలు. మాస్టారు గారు చెప్పినట్టే చేసి చూశాను. సాయంత్రం నీడలో, పౌచ్ లేకుండా, ఫ్లైట్ మోడ్‌లో పెడితే శాతం నెమ్మదిగానైనా పెరిగింది, ఫోన్ గోరువెచ్చగా మాత్రమే అయింది. కనుక ప్యాడ్ మీద అనుమానం పోయింది. తర్వాతి ప్రయాణంలో ఆండ్రాయిడ్ ఆటోను కేబుల్ ద్వారా కలిపితే, అదే ఎండలో, అదే రోడ్డుపై ఉప్పల్ చేరేసరికి బయలుదేరినప్పటి కన్నా ఎక్కువ ఛార్జ్ ఉంది. ఇంకొక్క సందేహం. నా ఫోన్ పౌచ్ వెనుక వేలికి తగిలించుకునే లోహపు రింగు ఉంది. ఆ పౌచ్ ఉన్నప్పుడు ఒక్కోసారి ప్యాడ్ లైటు రంగు మారి మిణుకుమిణుకుమంటుంది. అదీ ఒక కారణమేనా? అలాగే, వైర్‌లెస్ లేని మా శ్రీమతి ఫోన్‌కు వెనుక అతికించే పలుచటి రిసీవర్లు అమ్ముతున్నారు. అవి కొనవచ్చా?

కాజీపేట మాస్టారు:

రింగు తప్పకుండా ఒక కారణమే. తనకు ఎంత శక్తి అందుతోందో ఫోన్ ఎప్పటికప్పుడు ప్యాడ్‌కు సమాచారం పంపుతూ ఉంటుంది. ప్యాడ్ పంపినదానికీ ఫోన్ అందుకున్నదానికీ మధ్య తేడా మరీ ఎక్కువైతే, మధ్యలో ఏదో లోహం ఆ శక్తిని మింగి వేడెక్కుతోందని భావించి ప్యాడ్ ఆగిపోతుంది. నాణెం, తాళంచెవి, గుట్కా ప్యాకెట్ లోపలి వెండి కాగితం, ఏది పడినా ఇదే జరుగుతుంది. కొత్త ‘చీ 2’ ఫోన్ల వెనుక ఉండే అయస్కాంత వలయం మాత్రం వేరు. అది ఫోన్‌ను సరైన చోట నిలపడానికే లెక్కగా అమర్చినది, దానికి తగిన హోల్డర్‌ను ఏసీ గాలి వచ్చే చోట తగిలిస్తే జారడమూ తగ్గుతుంది, ఫోన్ చల్లగానూ ఉంటుంది. అయితే ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే ఇటువంటి అయస్కాంతపు ఫోన్లను, హోల్డర్లను ఛాతీకి దగ్గరగా రానీయకండి. ఛార్జ్ అవుతున్నప్పుడు కనీసం 30 సెంటీమీటర్ల దూరం ఉంచమని ఆపిల్ కంపెనీయే తన వినియోగదారులకు సూచించింది.

అతికించే రిసీవర్ విషయంలో నా సలహా వద్దనే. అది ఇచ్చేది 5 వాట్లో, అంతకన్నా తక్కువో. పైగా దాని పట్టీ ఫోన్ ఛార్జింగ్ పోర్టులోనే దూరి ఉంటుంది కనుక, అవసరమైనప్పుడు కేబుల్ పెట్టాలంటే ముందు దాన్ని పీకాలి. ఆ డబ్బుతో ట్రావెల్స్ వారు చెప్పిన అడాప్టరూ, ఒక గట్టి కేబులూ కొనండి. కేబుల్ మాత్రం కుర్చీ సందులో నలగకుండా పొట్టిది తీసుకోండి.