పేదలకు అమ్మి పెద్ద కంపెనీ లాభపడితే తప్పేంటి?

లెక్కల_పక్షి: షాంపూనే తీసుకోండి. సీసా కొనలేనివాళ్లకి చిక్ వాళ్లు అర్ధరూపాయి ప్యాకెట్టు ఇచ్చి పల్లెల్లోకి వెళ్లారు. పెద్ద కంపెనీలన్నీ ప్యాకెట్ల బాటే పట్టాయి. పైగా చాలా బ్రాండ్లలో మిల్లీలీటరు లెక్కన చూస్తే సీసా కన్నా ప్యాకెట్టే చవక. ఇందులో దోపిడీ ఎక్కడుందో చెప్పండి.

కొట్టు_బాబాయ్: దోపిడీ సంగతి తర్వాత. అరువు ఎవరిస్తున్నారు? కంపెనీ డిస్ట్రిబ్యూటర్ దగ్గర ముందే డబ్బు కట్టించుకుంటుంది. అతను నాకు వారం గడువిస్తాడు. నేను మాత్రం కూలి డబ్బులు అందేదాకా ఖాతా రాసుకుంటూ కూర్చోవాలి. పేదవాళ్లతో వ్యాపారంలో అసలు రిస్కు ఆ అరువే. అది నా ఖాతా పుస్తకంలో ఉంది, వాళ్ల బ్యాలెన్స్ షీట్‌లో వెతికినా దొరకదు.

నల్లగొండ_పిల్ల: బాబాయ్ చెప్పింది నిజమే. హిందుస్థాన్ లీవర్ వాళ్ల 'శక్తి' పథకం 2001 ప్రాంతంలో మా జిల్లాలనే మొదలైంది. పొదుపు సంఘాల ఆడవాళ్లు సబ్బులు, షాంపూలు తెచ్చి ఊర్లల్ల అమ్మాలె. సేల్స్‌మన్‌ని పంపితే గిట్టుబాటుకాని చిన్న ఊరికి కూడా సరుకు పోయింది. ఆమెకు నాలుగు పైసలు మిగిలినయ్, కాదనను. కానీ చాలామంది ఆ సరుకు తెచ్చింది సంఘం అప్పుతోనే. అమ్ముడుపోకుంటే కిస్తీ ఎవరు కట్టాలె?

లెక్కల_పక్షి: ఏ వ్యాపారంలో రిస్కు లేదండీ? కష్టమో నష్టమో, అంతకుముందు ఆమెకి ఆ అవకాశమే లేదు కదా.

పాత_విలేకరి: అవకాశం అంటే 2010 గుర్తొచ్చింది. ఆగస్టులో పేద ఆడవాళ్ల గ్రూపులకి చిన్న అప్పులిచ్చే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్లు మార్కెట్‌కి వచ్చాయి, జనం ఎగబడ్డారు. అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అలాంటి కంపెనీల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. ఒక్కొక్క ఇంట్లో మూడు నాలుగు కంపెనీల అప్పులు, ఒకదాని కిస్తీకి ఇంకోటి. ఒకరు కట్టకపోతే గ్రూపంతా ఆమె గుమ్మం ముందే. వారం వారం వసూళ్లు ఆపి నెలకోసారి తీసుకోమన్నారు, ఇళ్లకి వెళ్లొద్దన్నారు. దాంతో రాష్ట్రంలో వసూళ్లు కుప్పకూలాయి. షాంపూ నచ్చకపోతే రేపు ఇంకోటి కొంటుంది. అప్పుని అలా మార్చగలదా? ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే మీ లెక్క తప్పుతోంది.

లెక్కల_పక్షి: సరే, ఆ ఆర్డినెన్స్ తర్వాత ఆ ఆడవాళ్లు ఎక్కడికి పోయారు? బ్యాంకు మేనేజరు ఎదురొచ్చి పిలిచాడా? మళ్లీ ఐదు రూపాయల వడ్డీ వాడి దగ్గరికేగా!

పాత_విలేకరి: చాలామంది అక్కడికే. అది ఒప్పుకోవాల్సిందే. అంతమాత్రాన కంపెనీలు చేసింది ఒప్పైపోదు. అప్పు ఇచ్చేముందు పాత అప్పులు ఎన్నున్నాయో అడిగి ఉంటే లాభం కాస్త తగ్గేది, వ్యాపారం నిలబడేది.

కొట్టు_బాబాయ్: మా దగ్గరికీ వచ్చారు లెండి, బియ్యం ఖాతాకి.

కాలువ_గట్టు: ఖాళీ ప్యాకెట్లు కాలువలోంచి ఎత్తే ఖర్చు మా పంచాయతీది. ఆ ప్లాస్టిక్కుని చెత్త ఏరుకునేవాళ్లు కూడా ముట్టుకోరు. మిల్లీలీటరు చవక అన్నవారు అదీ కలిపి లెక్కేయండి.

లెక్కల_పక్షి: ప్లాస్టిక్ విషయంలో మీతో వాదించను. మరి ప్యాకెట్లు ఆపేస్తే ఆమె సీసా కొంటుందా, కుంకుడుకాయలకి వెళ్తుందా?

నల్లగొండ_పిల్ల: కుంకుడుకాయల రేటు ఎప్పుడన్నా అడిగినవా అన్నా?

కొట్టు_బాబాయ్: అవన్నీ మీరు తేల్చుకోండి. ముందు కంపెనీవాళ్లని నాకు నెల గడువివ్వమనండి. అప్పుడు పేదవాళ్ల మార్కెట్‌లో లాభం ఎంతో వాళ్లకీ తెలుస్తుంది.