సమస్యాపూరణం: ఒక్క నాఁడె పదాఱు సూర్యోదయములు

నిర్వాహకుడు, శ్రీకాకుళం: ఈ వారం ఛందస్సు తేటగీతి. పాదం వినగానే అసంగతంగా తోచినా, భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2000 నవంబరు నుంచి ఎడతెగకుండా కాపురముంటున్న వ్యోమగాములకు ఇది నిత్యానుభవమే. అందువల్ల ఇది నిజమని చెప్పి ఊరుకుంటే చాలదు. అక్కడ బ్రతకబోయే మనిషికి ఆ నిజం ఏమి చేస్తుందో పద్యంలో కనబడాలి.

ఆమదాలవలస మిత్రుని పూరణ:

గంటయున్నర కొకసారి గగనవీథిఁ
బుడమి చుట్టునుఁ దిరిగెడు పురమునందు
వెలుగు చీకటి దాటెడు వేళలందు
నొక్క నాఁడె పదాఱు సూర్యోదయములు

నిర్వాహకుడు: గణాలూ యతులూ నిర్దుష్టంగా ఉన్నాయి. రెండు పాదాలు వరుసగా ‘అందు’తో ముగియడం చెవికి కొంచెం ఇబ్బంది. కారణం చెప్పారు గానీ, ఆ పురంలో ఒక్క మనిషైనా కనబడలేదు.

పాలకొండ సోదరి పూరణ:

అరసవల్లిని వెలసిన యాదిదేవ!
అర్ఘ్య మేవేళ నిత్తు నే నంబరమున?
కునుకు పట్టక మున్నె నా కొఱకు వచ్చు
నొక్క నాఁడె పదాఱు సూర్యోదయములు

నిర్వాహకుడు: అమ్మా, చాలా బాగుంది. మార్చిలోను అక్టోబరులోను తొలికిరణం స్వామి పాదాలను తాకే ఆ కొద్ది రోజుల కోసం వేకువనే వరుసలో నిలబడే మన ఊరివారికే ఈ ప్రశ్న తట్టాలి. పైగా అక్కడ దోసిలి విప్పినా నీరు కిందికి జారదు. తలతన్యత వల్ల వేళ్లను తొడుగులా అంటిపెట్టుకొని మణికట్టు వైపు పాకుతుంది. అర్ఘ్యం ఇవ్వడమే కష్టమైన చోట వేళ గురించి అడగడం పద్యానికి ఆర్ద్రతనిచ్చింది.

టెక్కలి మిత్రుడు: కేంద్రంలో గడియారం గ్రీనిచ్ కాలాన్ని అనుసరిస్తుంది కదా, అర్ఘ్యానికి ఆ వేళ సరిపోదా?

నిర్వాహకుడు: పనులకు సరిపోతుంది. కానీ ఒంటికి వెలుగు కావాలి. అందుకే అక్కడి దీపాలను పొద్దున నీలి ఛాయతోను, నిద్రకు ముందు పసుపు ఛాయతోను వెలిగించే ఏర్పాటు చేశారు. రేపు అంతరిక్షంలో ఊళ్లు వెలిస్తే పగలూ రాత్రీ కూడా మనమే కట్టుకోవలసి వస్తుంది. ‘కునుకు పట్టక మున్నె’ అన్నమాటలో ఆ అవస్థ అంతా ఉంది.

బొబ్బిలి మిత్రుని పూరణ:

ఉదయ మెఱుఁగని లోకాన నున్నవారు
అస్తమింపని సూర్యుని నరయువారు
మన కథను విన్న నెట్టుల మదిఁ దలంతు
రొక్క నాఁడె పదాఱు సూర్యోదయములు!

నిర్వాహకుడు: సమస్యను తలకిందులు చేసి పూరించిన తీరు అపూర్వం. సుమారు 40 కాంతి సంవత్సరాల దూరంలోని ట్రాపిస్ట్-1 అనే ఎర్ర మరుగుజ్జు నక్షత్రం చుట్టూ ఏడు గ్రహాలున్నట్లు 2017లో ప్రకటించారు. చంద్రుడు మనకు ఒకే ముఖం చూపినట్లు అవీ తమ సూర్యునికి ఒకే ముఖం చూపుతూ ఉండవచ్చు. అలాగైతే అక్కడ ఒక వైపు పొద్దు వాలదు, మరోవైపు పొడవదు. అయితే అక్కడ ప్రాణి ఉన్న ఆనవాలు ఇంతవరకు దొరకలేదు గనుక ‘నున్నవారు’కు బదులు ‘నుండువారు’ అంటే గణమూ యతీ చెడవు, ఊహ ఊహగానే నిలుస్తుంది. మన కథ వారికి చేరడానికి నలభై ఏళ్లు, వారి సందేహం మనకు చేరడానికి మరో నలభై ఏళ్లు పడుతుందన్నది మరో పద్యానికి వస్తువు, మీరే రాయండి.

వచ్చే వారం ఆటవెలది. 2023 ఆగస్టు 23న చంద్రునిపై దిగిన మన విక్రమ్ పనిచేసినది ఒకే ఒక్క పగలు. అక్కడి పగటినే సమస్యగా ఇస్తున్నాను:

పక్షమంత నిడివి పగలు గలదు