పెరట్లో పైన్ చెట్టు పసుపెక్కుతోంది, ఏం చేయమంటారు?

నమస్కారం అండీ. ఈ దేశానికి కొత్త, ఇల్లు తీసుకుని మూడు నెలలైంది. పెరట్లో పెద్ద పైన్ చెట్టుంది. సూదుల్లాంటి ఆకులు పసుపెక్కి కుప్పలుగా రాలుతున్నాయి. రోజూ నీళ్లు పెడుతున్నా, ఎరువు కూడా వేద్దామనుకుంటున్నా. చచ్చిపోతుందేమోనని టెన్షన్.

———

ముందు ఆ ఎరువు సంచి పక్కన పెట్టేయండి. ఎండిపోతున్న చెట్టుకి ఎరువేస్తే దాహంగా ఉన్నవాడి నోట్లో ఉప్పు పోసినట్టే.

ఇప్పుడు ఒక్క కొమ్మ దగ్గరకు లాగి చూడండి. చివర పచ్చగా ఉండి, లోపల మొదలు వైపు సూదులే పసుపైతే కంగారు లేదు. పైన్ పచ్చగానే ఉంటుంది గానీ ఏ సూదీ శాశ్వతం కాదు. చాలా రకాల్లో రెండు నుంచి నాలుగేళ్లకు పాతవి పండి రాలతాయి, అదీ ఎక్కువగా చలికాలం ముందు. చివర్లే ఎర్రబడితే మాత్రం ఆలోచించాలి.

రోజూ నీళ్లు వద్దు. నేనూ కొత్తలో లాన్ స్ప్రింక్లర్ మా పైన్ మీదకే తిప్పి వదిలేశాను, వేర్లు కుళ్లి చెట్టు పోయింది. నీళ్లు తాగే సన్న వేర్లు చాలావరకు పై 45 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి, అవి గాలి కూడా పీల్చాలి. పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. దిగకపోతే నేల ఎండింది. అప్పుడు చెట్టు మొదట్లో కాకుండా కొమ్మల అంచు కింద, పైపు సన్నగా వదిలి నెమ్మదిగా తడపండి.

———

గుచ్చానండీ. వెన్నలో దిగినట్టు దిగింది, బురద అంటుకుంది, వాసన కూడా వస్తోంది.

———

అయితే నీళ్లు ఆపేయండి, ఆరనివ్వండి. చుట్టూ చెక్కపొట్టు పరిచి ఉంటే మొదలుకి తగలకుండా జానెడు దూరం లాగండి. చాలామంది దాన్ని కొండలా పోస్తారు, చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. మాను మీద అక్కడక్కడా బంక ముద్దలు, సన్న చిల్లులు ఉంటే బెరడు పురుగు కావచ్చు, అప్పుడు చెట్ల నిపుణుణ్ణి పిలవాలి.

గోధుమరంగు కొమ్మలు ఇప్పుడే నరకకండి. చివరి మొగ్గని గోటితో గిల్లండి, లోపల పచ్చగా ఉంటే వసంతంలో చిగురిస్తుంది. సూదుల్లేని బోడి కొమ్మని మధ్యకు కోస్తే మాత్రం అక్కణ్ణుంచి చాలా పైన్‌లు మళ్లీ చిగురు వేయవు.