చెల్లి రెలిజియస్ స్టడీస్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది, నాన్న వద్దంటున్నారు, తెలిసినవాళ్ళు చెప్పండి

గుంటూరు_అన్న:
మా చెల్లికి అమెరికాలో రెలిజియస్ స్టడీస్‌ పీహెచ్‌డీకి ఫండింగ్‌తో సీటొచ్చింది, ఇక్కడ ఫిలాసఫీలో ఎంఏ చేసింది, ప్రొఫెసర్ అవ్వాలని దాని కోరిక. నాన్న ససేమిరా అంటున్నారు. అన్ని మతాల పుస్తకాలూ ముందేసుకుని తప్పొప్పులు వెతికాక ఇంక దేవుడి గదిలో దీపం పెట్టబుద్ధి అవుతుందా అని ఆయన ప్రశ్న. అమ్మ భయం వేరు, రేపు పెళ్ళీ పిల్లలూ అయ్యాక ఇంట్లో ఒక మాట క్లాసులో ఒక మాట అయిపోతుందేమో అని. నాకైతే పంపాలనే ఉంది కానీ నాన్నకి ఏం చెప్పాలో తెలీట్లేదు. జీవితమంతా ఇదే పాఠం చెప్పినవాళ్ళ ఇళ్ళల్లో భక్తి ఏమైందో తెలిస్తే రాయండి.

కృష్ణవేణి_సెయింట్‌లూయిస్:
మీ నాన్నగారికి, జీవితమంతా మతాల గురించి పాఠం చెప్పిన అమెరికా ప్రొఫెసర్ హ్యూస్టన్ స్మిత్ గురించి చెప్పండి అన్నయ్యా. 1919లో చైనాలో పుట్టారు, అమ్మానాన్నలు మెథడిస్టు అనే క్రైస్తవ శాఖ మిషనరీలు, పదిహేడేళ్ళొచ్చేదాకా అక్కడే పెరిగారు. మా సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీలో 1947 నుంచి 1958 దాకా చెప్పారు, ఆ రోజుల్లోనే ఇక్కడి వేదాంత సొసైటీలో రామకృష్ణ మఠం స్వామి సత్ప్రకాశానంద దగ్గర ఏళ్ళ తరబడి ఉపనిషత్తులు చదువుకున్నారు. తర్వాత జపాన్ వెళ్ళి జెన్ బౌద్ధ గురువు దగ్గర ధ్యానంలో కూర్చున్నారు, ఇంకొన్నేళ్ళకి రోజుకి ఐదుసార్లు అరబిక్‌లో నమాజు కూడా చేసేవారు. ఇన్ని చేసినా చర్చి మాత్రం వదల్లేదు, చివరిదాకా మెథడిస్టుగానే ఉన్నారు. మతాల మీద ఆయన 1958లో రాసిన పుస్తకం అమెరికా కాలేజీల్లో పాఠ్యపుస్తకం అయింది, లక్షల కాపీలు అమ్ముడైంది. పెద్దకూతురు పెళ్ళితో యూదు మతంలోకి వెళ్ళింది, తర్వాత క్యాన్సర్‌తో పోయింది. కూతురు పోయిన తండ్రి చదువు వల్ల నమ్మకం చెడిపోయిందని ఎక్కడా అనలేదు, ప్రార్థనా ఆపలేదు. 2016 డిసెంబర్‌లో తొంభయ్యేడేళ్ళ వయసులో బర్క్‌లీలో పోయారు. చదివితే భక్తి పోతుందనే లెక్క ఈయన దగ్గర తప్పింది కదా, నాన్నగారిని ఈ ఒక్కటి ఆలోచించమనండి.

రామ్మోహన్_నెల్లూరు:
భక్తి సంగతి కృష్ణవేణి గారు బాగా చెప్పారు, నేనైతే మీ అమ్మగారి భయానికి ఎక్కువ విలువిస్తా. మన సర్వేపల్లి వారినే చూడండి. తిరుపతిలో, వేలూరులో, మద్రాసులో మిషనరీ స్కూళ్ళూ కాలేజీల్లోనే చదివారు, అక్కడ హిందూ మతాన్ని విమర్శిస్తుంటే విని మన గ్రంథాలు పట్టుకున్నారు, ఆంధ్రా యూనివర్సిటీ వైస్‌ఛాన్సలర్ పదవి తర్వాత 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాల ప్రొఫెసర్ అయ్యి 1952 దాకా ఉన్నారు. ఆ పేరు వెనక ఆయన భార్య శివకాము గారు ఐదుగురు ఆడపిల్లల్నీ ఒక కొడుకునీ పెంచుకొచ్చారు. కొడుకు గోపాల్ పెద్ద చరిత్రకారుడు, 1989లో తండ్రి జీవితం రాస్తూ తల్లి పడ్డ బాధ దాచకుండా రాశారు. నాకు ఆ ఇంటి సంగతిలో నచ్చింది ఆ కొడుకు నిజాయితీయే. ప్రొఫెసర్ బతుకులో కుటుంబానికి ఎంత మిగులుతుందో చెల్లెల్ని ముందే ఆలోచించుకోమనండి, ఆడపిల్ల కాబట్టి కాదు, ఎవరైనా సరే.

పాత_లెక్చరర్:
క్లాసులో ఏం జరుగుతుందో నాన్నగారికి తెలీక భయపడుతున్నారు. 1963లో అమెరికా సుప్రీంకోర్టు ప్రభుత్వ స్కూళ్ళల్లో రోజూ బైబిల్ చదివించడం కుదరదంది, అదే తీర్పులో మతాల గురించి, వాటి చరిత్ర గురించి చదువుగా చెప్పొచ్చనీ అంది. ఆ తర్వాతే ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఈ డిపార్ట్‌మెంట్లు బాగా పెరిగాయి. అక్కడ టీచర్ మతం మార్చడానికీ ఉండరు, మాన్పించడానికీ ఉండరు, ఒక గ్రంథం ఎప్పుడు పుట్టింది, ఎవరు పాడుకున్నారు, ఏ ఊరివాళ్ళు ఎలా ఆచరిస్తున్నారు, ఇదీ పని. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి 1970ల్లో మనవాళ్ళు కట్టుకున్నారు, అలాంటి గుడి గురించి కూడా పీహెచ్‌డీ చెయ్యొచ్చు. ఇంతకీ చెల్లి ఏ టాపిక్ అనుకుంటోంది?

గుంటూరు_అన్న:
అన్నమయ్య సంకీర్తనలు, తిరుమల సేవలు అంటోందండీ. టాపిక్ ఏంటో నాన్న అడగనే లేదు ఇన్నాళ్ళూ, చెల్లీ చెప్పలేదు. రాత్రి భోజనాలప్పుడు దాన్నే ఆయన ముందు కూర్చోబెట్టి చెప్పిస్తా, స్మిత్ గారి సంగతి నేను చెప్తా. రామ్మోహన్ గారూ, అమ్మ మీ మాట విని అవునంది, ఆ గోపాల్ గారి పుస్తకం తెలుగులో దొరుకుతుందా?